సభలో నిద్రపోయేటోడు



ఈ వరుసలో పోయిన పోస్టు పెట్టి రెండు నెలలు దాటింది. ఎందుకు రాస్తలేరని కొందరు ఇన్‌బాక్సులో అడిగిన్రు. కొందరు అడగలేదు, వాళ్లకు కారణం తెలుసు. ఏప్రిల్ 14 నాటి వీడియో వాళ్లు కూడా చూసిన్రు.

చూడనివాళ్ల కోసం చెప్తున్న. అర నిమిషం వీడియో. వేదిక మీద నీలి కండువాలు కప్పుకొని తొమ్మిది మందిమి కూర్చున్నం. మైకు ముందర ఒక చెల్లె పాట పాడుతున్నది. మేలుకొమ్మనే పాటే. కెమెరా మెల్లగ నా దిక్కు జరిగింది. నేను నిద్రపోతున్న. కునికిపాటు కాదు, నోరు తెరిచి, పక్కనున్న పెద్దాయన భుజం మీద తల వాల్చి. కింద ఎవరో రాసిన్రు: ‘జాతిని మేల్కొలిపే డాక్టరు గారు’. పక్కన రెండు నవ్వు బొమ్మలు. పొద్దుగూకేసరికి నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపుకూ అది చేరింది. తీసింది మనవాళ్లే, పంపింది మనవాళ్లే. అందుకే జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. బయటోడు ఒక మాటంటే ఎట్ల తిప్పికొట్టాల్నో హాస్టల్ రోజుల నుంచి నేర్చుకుంటనే ఉన్నం. మనోడు నవ్వితే ఏం చెయ్యాల్నో ఎవరూ నేర్పలే.

నాకొక జబ్బు ఉన్నది. దాని పేరు నార్కోలెప్సీ. ఇంట్లో వాళ్లకు, ఇద్దరు దోస్తులకు తప్ప ఇప్పటిదాక ఎవరికీ చెప్పలేదు. ఇయ్యాల ఇక్కడ రాస్తున్న.

అది ఎట్లుంటదో ముందు చెప్త. నిద్ర రావడం కాదు, నిద్ర మీద పడడం. రాత్రి ఎనిమిది గంటలు పండుకున్నా పొద్దున పది గంటలకు రెండు రాత్రులు మేలుకున్నోని లెక్క ఉంటది. నేనుండేది హవేలిఘనపూర్‌లో. మెదక్‌లో ఎల్లారెడ్డి బస్సు ఎక్కితే కండక్టరు టికెట్లు కొట్టుడు అయిపోకముందే మా ఊరొస్తది. ఆ కాస్త దూరంలో నిద్రపోయి, పోచారం దాటి, ఎల్లారెడ్డిలో దిగిన రోజులు నా లెక్కలో పదకొండు ఉన్నయి. పాఠం చెప్పుకుంట బోర్డు మీద రాస్తుంటే చెయ్యి రాస్తనే ఉంటది, నేను ఉండ. తేరుకొని చూస్తే ‘గబ్బిలం’ అని మొదలైన మాట చివరికి వానపాములాగ సాగి కిందికి జారి ఉంటది. పిల్లలు మంచోళ్లు, మొదట్ల నవ్వేటోళ్లు కాదు.

ఇంకొకటి ఉన్నది, నిద్ర కంటే అదే నన్ను ఎక్కువ బదనాం చేసింది. గట్టిగ నవ్వితే నా మోకాళ్లు వంగిపోతయి. మెడ వేలాడుతది, మాట ముద్దయితది. స్పృహ మాత్రం పోదు, చుట్టూ ఎవరేమంటున్నరో అంతా వినపడుతది. దీన్ని కాటాప్లెక్సీ అంటరు. ఒకప్పుడు పనిచేసిన కాలేజీలో, స్టాఫ్‌రూమ్‌లో, ఎవరో చెప్పిన జోకుకు నవ్వి గోడకు ఆనుకొని కిందికి జారిన. లేపడానికి ఎవరూ రాలే. నా తలకాయ పైనుంచి ఒక గొంతు నిమ్మళంగ అన్నది: ‘పొద్దుగాలనే ఏసుకొచ్చిండు. వాళ్లకు అలవాటే గద.’ నేను వింటున్న. నోరు లేస్తలేదు. సగం నిమిషం అయినంక లేచి, బట్టలు దులుపుకొని, క్లాసుకు పోయిన. జీవితంలో నేను బీరు కూడా ముట్టలేదని ఆ గొంతుకు చెప్పడానికి మనసు రాలేదు. చెప్తే, తాగే మనోళ్లను నేను వేరు చేసి చూపెట్టినట్టయితది. చెప్పకపోతే తాగుబోతునైత. ఏ దిక్కు పోయినా గోడే.

ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది ఇది. తెలిసింది ముప్పై నాలుగో ఏట. ఈ జబ్బుకు పేరు దొరకడానికి ఏండ్లకేండ్లు పట్టడం లోకమంతటా ఉన్నదే, నా ఒక్కని కత కాదు. మధ్యల అమ్మ తాయెత్తు కట్టించింది, ఎందుకంటే తెల్లారుజామున మెలకువొచ్చి కాలూచెయ్యీ ఆడక, గుండెల మీద ఎవరో కూసున్నట్టు అయ్యేది. ఒక డాక్టరు రక్తం తక్కువన్నడు. ఇంకొకాయన మనసు బాగాలేదన్నడు. పీహెచ్‌డీ గైడుగారు పెండ్లి చేసుకొమ్మన్నరు.

చివరికి హైదరాబాద్‌లో ఒక నిద్ర డాక్టరమ్మ ఒక కాయితం చేతికిచ్చింది. మెల్‌బోర్న్‌లో ముర్రే జాన్స్ అనే డాక్టరు 1991లో తయారుచేసిన ఎప్‌వర్త్ స్కేలు. ఎనిమిది ప్రశ్నలు, మొత్తం 24 మార్కులు. పదికి మించితే డాక్టరుకు అనుమానం రావాలె. నాకు 21 వచ్చినయి, బీయస్సీలో కూడా అంత మంచి మార్కులు రాలె (అందుకే తెలుగుకు వచ్చిన). ఆ ఎనిమిదింటిలో ఒకటి: మధ్యాన్నం తిన్నాక, మందు తాగకుండ, ఊకనే కూసుంటే నిద్రపోయే అవకాశం ఎంత? ‘మందు తాగకుండ’ అన్న మాట కాయితం మీద అచ్చయి ఉన్నది. అది చూసి నవ్వొచ్చింది, నవ్వగానే మోకాళ్లు పోయినయి. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, ‘ఇంక నాకు సగం తెలిసింది’ అన్నది.

మిగతా సగానికి ఒక రాత్రి తలకు వైర్లు పెట్టుకొని పండుకున్న. తెల్లారి రెండేసి గంటలకోసారి అయిదుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, చీకటి గదిలో పండుకోమన్నరు. ఎంతసేపట్లో నిద్ర పట్టింది, కలలొచ్చే నిద్రలోకి ఎంత తొందరగ జారిన, అదే లెక్క. మన మెదడు లోపల హైపోథాలమస్ అనే చోట మనిషిని మేలుకొలిపి ఉంచే ఓరెక్సిన్ అనే రసాయనం తయారైతది. దాన్ని కనుక్కున్నది 1998లో. నాలాంటి వాళ్లలో ఆ రసాయనం తయారుచేసే కణాలే దాదాపు అన్నీ పోయి ఉంటయని 2000లో తేలింది. శరీరం తన కణాలను తనే చంపుకుంటదేమోనని శాస్త్రవేత్తల అనుమానం. పోయినవి మళ్ల రావు. మోడాఫినిల్ మాత్ర పొద్దున వేసుకుంటే కొన్ని గంటలు నెట్టుకొస్తది, అంతే.

ఇంటికొచ్చి ఆ రిపోర్టు ముందర పెట్టుకొని నాయిన గురించి ఆలోచించిన.

మా నాయిన పటేల్ దగ్గర జీతం ఉండె. నాలుగు గొట్టంగ లేచి పెండ తీయాలె. రాత్రి కరెంటు పన్నెండుకొస్తదో రెండుకొస్తదో, వచ్చినప్పుడు పోయి మోటరు వెయ్యాలె. ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి నుంచి గదా, అప్పటికి ఆయన లేడు. బాయిగడ్డ మీద, ఎడ్లబండి మీద, వొడ్డు మీద ఎక్కడ కూసుంటే అక్కడ ఒరిగేటోడు. ‘మొద్దునిద్రోడు’ అని పటేల్ పెట్టిన పేరు ఊరంతా పిలిచేది. ఒకసారి మోటరు కాలిపోతే చెర్నకోలతో కొట్టిండు. నాకు ఏడేండ్లు, చూసిన.

డాక్టరమ్మను అడిగిన, ఇది నాయిన నుంచి వచ్చిందా అని. తల్లిదండ్రుల నుంచి రావడం నూటికి ఒకటి రెండు కన్న ఎక్కువ ఉండదని, పోయిన మనిషికి పరీక్ష చెయ్యలేమని చెప్పింది. నేననుకున్నది ఏందంటే, నాయినకు జబ్బు లేదు. ఆయన నిద్రను ఎత్తుకపోయిన్రు. నాకు నిద్ర లోపల్నుంచి మీద పడుతది, ఆయనకు బయటోళ్లు గుంజుకున్నరు. ఇద్దరికీ ఊరు పెట్టిన పేరు మాత్రం ఒకటే.

తెలుగు పాఠం చెప్పుకొని బతికేటోన్ని, ఇక్కడొక మాట చెప్పకుండ పోలేను. మన సాహిత్యంలో దేవున్ని లేపడానికి ఒక ప్రక్రియ ఉన్నది, మేలుకొలుపులు. రాగమేసి, బతిమాలి, పొద్దెక్కుతున్నది లేవయ్యా అని పాడుతరు. ఊర్మిళ పద్నాలుగేండ్లు పండుకుంటే ఆడోళ్లు ‘ఊర్మిళాదేవి నిద్ర’ అని ఇప్పటికీ పాడుకునే పాట కట్టిన్రు. ఆమె నిద్ర ప్రేమ, తపస్సు. జీతగాని నిద్రకు పాట లేదు. వాన్ని లేపేది చెప్పుకాలు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాస్తే అందులో మనోడు కనబడ్డడు, గానీ ఊరు పండుకున్న యాళ్లకు గబ్బిలంతోని గోస చెప్పుకుంట మేలుకొనే ఉన్నడు. నిద్రపోయే మనోడు హీరో అయిన పుస్తకం నా చదువులో నాకు దొరకలే.

ఇది మన దేశపు ముచ్చటే కాదు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, నల్ల బానిసలు పనిలో మందంగ, మబ్బుగ ఉంటే అది వాళ్ల జాతికి పట్టే జబ్బని ‘డిసెస్థీసియా ఏథియోపికా’ అనే పేరు పెట్టిండు. మందేందంటే ఒంటికి నూనె రాసి, వెడల్పాటి తోలు పట్టాతో ఆ నూనెను చరచాలె, తర్వాత ఎండల కష్టమైన పనికి పంపాలె. చెర్నకోలను ప్రిస్క్రిప్షన్ మీద రాసిండన్నట్టు. మా పటేల్ అది చదవలే, చదవనవసరం కూడా లేకుండె.

పటేల్‌ను అనడం సులువే. మరి మనం?

మన పాటల్లో, మన ఉపన్యాసాల్లో, నేను రాసిన పాత పోస్టుల్లో కూడా, నిద్ర అంటే ఏంది? బానిసత్వం, అజ్ఞానం, అమ్ముడుపోవడం. మేలుకున్నోడు అంబేడ్కరిస్టు, పండుకున్నోడు ద్రోహి. బాబాసాహెబ్ పద్దెనిమిది గంటలు చదివిండు, నువ్వెందుకు చదవవు అని హాస్టల్ పిల్లలను నేనే అడిగిన, మైకుల. మాత్ర పనిచెయ్యడం ఆగిపోయిన నాలుగు గంటల యాళ్ల, చేతిని బ్లేడు ముక్కతో గిచ్చుకుంట వేదిక మీద కూసున్న రోజులున్నయి నాకు. ఆ గీతలు ఇప్పటికీ కనబడుతయి. ఎవరన్నా అడిగితే ముండ్లకంప గీసుకుందని చెప్పేటోన్ని.

ఏప్రిల్ 14 తర్వాత మూడు వారాలు నేను ఏ సభకూ పోలే. అప్పుడు డాక్టరమ్మ, ఒక సైకాలజిస్టు మేడం ఫోన్‌లో నడుపుతున్న గ్రూపులో కూసుంటవా అని అడిగింది. ఏడుగురం. అందరికీ నార్కోలెప్సీయో, దాని అన్నదమ్ములాంటి ఇంకో అతినిద్ర జబ్బో. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు, ఆరు సిట్టింగులు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఇట్లాంటి ఆరు సిట్టింగుల పద్ధతినే వీడియో మీద, ఒక్కొక్కరితో విడిగ, కొందరిని గుంపుగ కూసోబెట్టి చేసి చూసిన్రట.

గ్రూప్ థెరపీ అంటే నాకు మొదట నామోషీ అనిపించింది. సినిమాల్లో చూసినట్టు గుండ్రంగ కుర్చీలేసుకొని ఏడ్చుడు, ఉన్నోళ్ల ముచ్చట అనుకున్న. తర్వాత చదివితే తెలిసింది: 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు, శానిటోరియంకు పోయే పైసలు లేని క్షయ రోగులను వారానికోసారి ఒక్కచోట కూసోబెట్టి ‘క్లాసు’ నడిపిండు. వైద్యంలో గుంపును వాడుడు అక్కడ మొదలైందంటరు. ఉన్నోళ్ల ముచ్చట కాదు, పైసలు లేనోళ్ల కోసం పుట్టిన ఉపాయం. మా వాడకట్టులో వేపచెట్టు కింది గద్దె మీద మనోళ్లు చేసేది సగం అదేనాయె.

మొదటి రోజు మేడం ఒక నియమం పెట్టింది. ‘ఎవరైనా నిద్రపోవచ్చు. సారీ చెప్పొద్దు. ఎవరూ ఎవర్నీ లేపొద్దు.’ అంతే. నా జీవితంలో నిద్రపోయినందుకు సారీ చెప్పని గది అదే మొదటిది. ఫోన్ తెర మీద ఏడు డబ్బాలు, ఎప్పుడు చూసినా అందులో ఒకటి రెండు డబ్బాల్లో ఒక నడినెత్తి మాత్రమే కనబడేది.

పని కూడా ఉండె. నిద్ర డైరీ రాయాలె, గంట గంటకు. మూడు వారాల డైరీ చూస్తే నా నిద్రకు ఒక టైంటేబుల్ ఉన్నదని తెలిసింది: పదకొండుకోసారి, మధ్యాన్నం రెండుకోసారి. అది మీద పడకముందే మనమే పోయి పదిహేను ఇరవై నిమిషాలు పండుకోవాలె. అప్పు ముదరకముందే కట్టినట్టు. ఈ చిన్న ఉపాయం బ్లేడు ముక్క కన్న వంద రెట్లు నయం. తర్వాత, ఎవరికి ఎట్ల చెప్పాలె అని సాధన. మేడం ప్రిన్సిపాల్ వేషం వేసేది, మేం మా జబ్బు గురించి నాలుగు మాటల్లో చెప్పాలె. నేను ఉపన్యాసం ఎత్తుకున్న. ‘నాలుగు మాటలు సార్, నాలుగు’ అని నవ్వింది.

లోపల విన్నవి బయట చెప్పొద్దన్నది రెండో నియమం, కాబట్టి వాళ్ల కతలు రాయను. ఒక్కటి మాత్రం అందరినీ అడిగి, సరేనన్నంక రాస్తున్న.

మూడో ఆదివారం. ‘జనం మిమ్మల్ని ఏమన్నరు?’ అన్నది ఆనాటి ప్రశ్న. ఒకాయన్ను బాగ కష్టపడి అలసిపోయిండు పాపం అన్నరట. ఒకామెకు కొత్త పెండ్లికూతురు గదా అని ఎకసెక్కాలు. ఒక పిల్లగాన్ని ఫోన్ చూసి చూసి ఇట్లయిండన్నరట. నా వంతు వచ్చింది. స్టాఫ్‌రూమ్ ముచ్చట చెప్పిన. ‘వాళ్లకు అలవాటే గద’ అన్న మాట చెప్పి, అది నా మోకాళ్లను చూసి అన్న మాట కాదు, నా కులాన్ని చూసి అన్నదని చెప్పిన. నాయిన గురించి చెప్పిన, చెర్నకోల గురించి. వీడియో గురించి చెప్పిన. మన సభ గురించి బయటోళ్ల ముందు చెప్పడం తప్పేమోనని గొంతు పట్టుకుంటున్నా చెప్పిన.

ఎవరూ మాట్లాడలే. ఇసొంటి నిశ్శబ్దాలు నాకు తెలుసు. దాని వెనక ‘మేమట్ల చూడం సార్’ అనే మాట తయారుగ ఉంటది. ఈసారి ఆ మాట రాలె. బ్యాంకులో పనిచేసే ఆమె మెల్లగ అన్నది: ‘నేను ఆఫీసుల ఎన్నోసార్లు పడిపోయిన. తాగిన అని ఒక్కరు కూడా అనలే. ఆ మాట రాకపోవడం ఎందుకో ఇప్పుడు తెలిసింది.’

దానికి జవాబు చెప్పాలనుకున్న. ఇరవై ఏండ్ల ఉద్యమంలో నేర్చుకున్న మాటలన్నీ నోట్లోకొచ్చినయి. అప్పుడే నిద్రొచ్చింది.

లేచేసరికి తెర మీద గడియారం పదకొండు నిమిషాలు ముందుకు జరిగింది. ఆరుగురూ ఉన్నరు. ఎవరూ ఏం మాట్లాడుతలేరు. ఒకాయన చాయ తాగుతున్నడు. ఇంకొకాయన తనే నిద్రపోయిండు. ‘మీరు చెప్పేది సగంలో ఉండె, అందుకని ఆగినం’ అన్నది బ్యాంకు ఆమె.

హారియట్ టబ్‌మన్ గురించి మన సర్కిళ్లలో చాలామందికి తెలుసు. చిన్నప్పుడు ఇంకో బానిస మీదికి విసిరిన రెండు పౌండ్ల గుండు ఆమె తలకు తగిలింది. అప్పట్నుంచి బతికినన్నాళ్లు, మాట మధ్యల, నడక మధ్యల నిద్రలోకి జారేది. ఆమెది తల దెబ్బ, నాది వేరే జబ్బు, రెండూ ఒకటనను. గానీ ఆమె పదమూడు సార్లు మేరీలాండ్‌కు తిరిగిపోయి డెబ్బై మంది దాక తప్పించి తీసుకొచ్చింది. వెనక కుక్కలు, బందూకులు, తలల మీద ఇనాములు. ఆమె దారిలో నిద్రపోతే వెంట ఉన్నవాళ్లు ఆమె లేచేదాక ఆగేవాళ్లట. ఆమె ఫొటో నా గోడ మీద పదేండ్ల సంది ఉన్నది. నేను ఎప్పుడూ ఆమె ధైర్యం గురించే మాట్లాడిన. ఆ ఆగినోళ్ల గురించి ఆ ఆదివారం దాక ఆలోచించలే.

బాబాసాహెబ్ కతలో కూడా మనం ఒక సగం మింగేసినం. పరేల్ చాల్‌లో ఒక్కటే గది. తండ్రి రామ్‌జీ పిల్లగాన్ని రాత్రి తొందరగ పండుకోబెట్టి, తను రెండింటి దాక మేలుకొని ఉండి, అప్పుడు చదువుకొమ్మని లేపి, తను పండుకునేవాడు. రెండింటికి లేచి చదివిండన్నది హాస్టల్ గోడల మీద రాసుకున్నం. ఆయన నిద్రకు ఒకరు కాపలా ఉన్నరన్నది రాసుకోలే.

గ్రూపుతో జబ్బు తగ్గిందా అని అడిగితే, తగ్గలే. ఎప్‌వర్త్ మార్కులు 21 నుంచి 18 అయినయి, అందులో మాత్ర వాటా ఎంతో డైరీ వాటా ఎంతో నాకు తెల్వదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క వైకల్యాలు లెక్కపెట్టిన్రు, అందులో నార్కోలెప్సీ పేరు లేదు. పరీక్షలో పదిహేను నిమిషాలు తల వాల్చుకునే హక్కు పిల్లలు ఏ కాయితం చూపెట్టి అడగాలె? ఆ కొట్లాట మిగిలే ఉన్నది. బైకు అమ్మేసిన. అది నాకు నొప్పే, గానీ నడుపుకుంట నిద్రపోతే పోయేది నా ఒక్కని ప్రాణం కాదు.

మారింది ఒకటున్నది. మా క్లాసులో రెండో బెంచీ మీద ఒక పిల్ల ఫస్ట్ పీరియడ్ మొత్తం పండుకుంటది. పోయినేడాదైతే బాబాసాహెబ్ పద్దెనిమిది గంటలు తీసేటోన్ని. ఈసారి క్లాసు అయినంక, ‘బిడ్డా, రాత్రి ఎప్పుడు పండుకుంటవు?’ అని మాత్రం అడిగిన. ‘ఒంటిగంట అయితది సార్. అమ్మతోని బీడీలు చుడ్త. ఆకు వాపసు పోతే పైసలు కట్ చేస్తరు.’ ఆమెకు నార్కోలెప్సీ లేదు. ఆమెది మా నాయిన నిద్ర. డాక్టరు దగ్గరికి పంపే నిద్ర కాదది, ఫీజు రీయింబర్స్‌మెంటు దగ్గర, బీడీ కూలి దగ్గర తేల్చుకోవాల్సిన నిద్ర. ఈ రెంటినీ కలిపి జబ్బు అనొద్దు, రెంటినీ కలిపి బద్ధకం అని అసలే అనొద్దు. చదివేవాళ్లలో లెక్చరర్లున్నరు, వార్డెన్లున్నరు, మీకే చెప్తున్న. ఎనిమిది గంటలు పండుకున్నంక కూడా నెలల తరబడి నిద్ర మీద పడుతుంటే, నవ్వితే కాళ్లు పోతుంటే, తాయెత్తు కాదు, నిద్ర డాక్టరును అడగమని చెప్పండి. నాకు పద్దెనిమిదేండ్లు పట్టింది.

నిన్న రాత్రి మా జిల్లా అన్న ఫోన్ చేసిండు. వీడియో పంపినోళ్లలో ఆయనా ఉన్నడు, ఆ ముచ్చట ఆయనా ఎత్తలే, నేనూ ఎత్తలే. వచ్చే నెల సభ ఉన్నది, మాట్లాడుతవా తమ్మీ అన్నడు.

‘మాట్లాడుత అన్నా. గానీ రెండింటికి ఇరవై నిమిషాలు పండుకోవాలె. వెనక ఎక్కడన్నా జాగ ఉంటే చాలు. నాకు నిద్ర జబ్బున్నది.’

నాలుగు మాటలకు ఒకటి రెండు ఎక్కువయినయేమో. అవతల చానాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందనుకున్న.

‘సరే,’ అన్నడు. ‘జంపఖానా ఏయిస్త.’